మెడలో పతకం, మెడపై లెక్క



షవ్వాల్ నెల ప్రవేశించిందంటే మా కోనసీమలో నికాహ్‌ల సందడి మొదలవుతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట బజార్లలో బంగారు దుకాణాల మెట్లెక్కే కుటుంబాలలో మన కుటుంబాలూ ఉంటాయి. ఇటీవల ఒకనాడు అసర్ నమాజు తరువాత, మా మదరసాలో చదువుకునే ఒక బాలిక తల్లి మా ఇంటికి వచ్చారు. పెద్దమ్మాయికి నికాహ్ నిశ్చయమైందట. సెల్‌ఫోనులో మూడు పతకాల ఫొటోలు మా ఇల్లాలికి చూపించి, "ఆపా, వీటిలో ఏది తీసుకోమంటారు? మౌల్వీ సాబ్‌ను కూడా ఒక మాట అడగండి. షరీఅత్‌కు విరుద్ధమైనది ఏదైనా ఉంటే ముందే చెప్పమనండి" అన్నారు.

మొదటిది పురి విప్పిన నెమలి. రెండవది అరబ్బీ లిపిలో అల్లాహ్ నామం చెక్కిన లాకెట్టు. మూడవది ఎర్రరాళ్లు, పచ్చరాళ్లు పొదిగిన పెద్ద గుండ్రటి బిళ్ల, అంచున ముత్యాల కుచ్చులు. ఆ సోదరికి మేము ఆనాడు చెప్పినది కొద్దిగానే. నగ కొనేవారు మౌల్వీని అడగడం అరుదు కనుకా, ఈ విషయంలో మా ఇంట జరిగిన ఒక పొరపాటు మమ్మల్ని ఇప్పటికీ బాధిస్తుంది కనుకా, ఈ నెల దీనిని వివరంగా రాస్తున్నాము.

అలంకరణ నిషిద్ధం కాదు

భక్తిపరులైన స్త్రీలు నగల ఊసెత్తరాదని కొందరి భావన. అది సరికాదు. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకరణను నిషేధించినది ఎవరని ఆరాఫ్ సూరా ప్రశ్నిస్తుంది. సముద్రం నుండి మనం వెలికితీసి ధరించే ఆభరణాలను నహ్ల్ సూరా అల్లాహ్ అనుగ్రహాలలో ఒకటిగా పేర్కొంటుంది. బంగారం, పట్టు ఈ సమాజపు స్త్రీలకు ధర్మసమ్మతం, పురుషులకు నిషిద్ధం. పెండ్లికుమారునికి బంగారు గొలుసు, ఉంగరం పెట్టే ఆచారం మన ప్రాంతంలో ఇంకా పోలేదు. పెట్టేవారూ ధరించేవారూ ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ప్రవక్త గృహంలో కంఠహారాలకు సంబంధించిన రెండు ఘటనలు మనకు తెలిసినవే. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) మెడలోని హారం జారిపోయింది. అది ఆమె సొంతం కూడా కాదు, అక్క హజ్రత్ అస్మా (రజి) వద్ద ఎరువు తెచ్చుకున్నది. దానిని వెదికించడానికి దైవప్రవక్త (స) యావత్తు దండును ఆపివేశారు. అక్కడ నీరు లేదు. ఆ ఇబ్బందిలోనే తయమ్ముమ్ ఆదేశం అవతరించింది. తరువాత ఒంటెను లేపితే దాని కిందనే హారం కనిపించింది. ఒక స్త్రీ నగ పోగొట్టుకుంటే విసుక్కునే భర్తలు ఈ ఘటనను మననం చేసుకోవాలి.

రెండవది బద్ర్ యుద్ధానంతరం జరిగింది. ఖైదీగా పట్టుబడిన భర్త అబుల్ ఆస్ విడుదల కోసం ప్రవక్త కుమార్తె హజ్రత్ జైనబ్ (రజి) మక్కా నుండి ధనంతో పాటు ఒక హారం పంపారు. పెండ్లినాడు తల్లి హజ్రత్ ఖదీజా (రజి) ఆమెకిచ్చిన హారమది. దానిని చూడగానే దైవప్రవక్త (స) హృదయం కరిగిపోయింది. మీకు సమ్మతమైతే ఖైదీని విడిచి, ఆమె వస్తువును ఆమెకు తిరిగి పంపుదామని సహచరులను కోరారు. వారు సంతోషంగా అంగీకరించారు. తల్లి మెడ నుండి కూతురి మెడకు చేరిన నగ విలువ త్రాసులో తేలేది కాదని ఆయనకు తెలుసు.

చూపుకు, మెడకు, శరీరానికి

మన జిల్లాలో పతకాన్ని డాలరు అనీ, బిళ్ల అనీ, లాకెట్టు అనీ పిలుస్తారు. హైదరాబాదు వైపు కుటుంబాలలో ముత్యాల పేటల నడుమ పతకం వేలాడే జుగ్ని, ఏడు పేటల సత్లడా ఇప్పటికీ కనిపిస్తాయి. నికాహ్ నాడు వేసే నల్లపూసల లచ్ఛా దక్కన్‌లో మన పెద్దలకు అలవాటైన ఆచారం. అది ధర్మశాసనం కాదు. అది లేకపోతే నికాహ్‌కు లోపమని గానీ, తెగిపోతే భర్తకు కీడని గానీ నమ్మరాదు. అలంకారంగా ధరిస్తే అభ్యంతరం లేదు.

ఎంపికలో మొదట చూడవలసినది గొలుసు పొడవు. 16 అంగుళాల గొలుసు మెడను అంటిపెట్టుకొని ఉంటుంది. 18 అంగుళాలది మెడ ఎముకల కిందికి దిగుతుంది. 24 అంగుళాలది రొమ్ముపైకి వస్తుంది. పొట్టి మెడకు చిన్న గొలుసు, వెడల్పు బిళ్ల కలిస్తే మెడ మరింత కుదించుకున్నట్లు అగపడుతుంది. వారికి కొంచెం పొడవైన గొలుసు, కోలగా కిందికి సాగిన పతకం నప్పుతుంది. పొడవైన సన్నని మెడకు గుండ్రటి బిళ్ల, అర్ధచంద్రాకారపు పతకం నిండుగా ఉంటాయి. దుకాణానికి వెళ్లకముందే మా ఇల్లాలు ఒక పని చేస్తారు. కావలసిన పరిమాణంలో కాగితం కత్తిరించి, దారానికి గుచ్చి, అమ్మాయి మెడలో వేసి అద్దంలో చూపిస్తారు. దుకాణపు దీపాల వెలుగులో పుట్టే తొందరపాటును ఆ కాగితపు ముక్క చాలావరకు తగ్గిస్తుంది.

తరువాత బరువుల పొందిక. పతకం గొలుసు కంటే బరువైతే గొలుసును కిందికి లాగుతుంది, వలయం త్వరగా అరుగుతుంది. నగను తిరగవేసి వెనుక భాగం తప్పక చూడండి. టంకం వేసిన చోట్లు నున్నగా ఉన్నాయా, అంచులు ఓణీకి తగులుకుంటాయా, రాయిని పట్టి ఉంచిన కొక్కేలు వేలికి గుచ్చుకుంటున్నాయా అని తడిమి చూడాలి. చంటిబిడ్డ తల్లికి కుచ్చులు, ఊడిపోయే పూసలు ఉన్న పతకం మంచిది కాదు, బిడ్డ నోట పెట్టుకుంటుంది.

మనది ఉక్కపోత ప్రాంతం. చెమటకు వెండి నల్లబడుతుంది, బంగారు పూత అరిగిపోతుంది, ముత్యం కాంతి తగ్గుతుంది. ముత్యాల పతకం తీసిన వెంటనే మెత్తని గుడ్డతో తుడిచి విడిగా భద్రపరచాలి. లోపల లక్క నింపి రాళ్లు పొదిగిన నగను వేడినీటిలో కడగరాదు.

బంగారం కొనే స్తోమత లేనివారు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మచిలీపట్నం చిలకలపూడి పనివారు పూత నగలకు ఎంత పేరు తెచ్చారో తెలుగువారందరికీ తెలుసు. ఆ పతకాలు వేసుకోవడంలో దోషం లేదు. అయితే దానిని పూత నగ అని చెప్పుకోవడానికి సిగ్గుపడరాదు, అసలు బంగారమని చెప్పి ఇవ్వరాదు.

రూపకల్పన ఎలా ఉండాలి

నెమలి, హంస, ఏనుగు వంటి ప్రాణుల ఆకృతులను నగలపై చెక్కించడం ధర్మవేత్తలు సమ్మతించలేదు. బొమ్మలు గీసి జీవించే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వద్దకు వచ్చి తన వృత్తి గురించి అడిగితే, తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేని వస్తువులను గీయమని ఆయన సలహా ఇచ్చారు. ఆ సలహా కోనసీమ వారికి ఎంత సులువో చూడండి. కొబ్బరాకు, అరటి గెల, తమలపాకు, మల్లెమొగ్గ, వరికంకి, మామిడిపిందె మన కళ్లెదుటనే ఉన్నాయి. గోదావరి ఆవలి ఒడ్డున నరసాపురం లేసు అల్లికలలోని పువ్వులను, తీగలను కాగితం మీద గీసి ఇస్తే పనితనం తెలిసిన కంసాలి చక్కని జాలీ పతకం చేయగలడు. జాలీ పనికి బంగారం తక్కువ పడుతుంది, చూపుకు నిండుగా ఉంటుంది. మసీదు కిటికీలలో మనం చూసే నక్షత్రాల, బహుభుజాల కూర్పు కూడా పతకానికి అందమైన నమూనా.

ఇక అల్లాహ్ నామం ఉన్న లాకెట్టు. ప్రేమతోనే కొంటారు, సందేహం లేదు. కాని ఆ నామంతో మరుగుదొడ్డికి వెళ్లవలసి వస్తుంది, నిద్రలో అది ఒంటి కింద నలుగుతుంది. గౌరవించదలచిన నామాన్ని అగౌరవానికి గురిచేసినట్లవుతుంది. అందుచేత దానిని ధరించకుండా ఉండడమే ఉత్తమమని మేము చెబుతాము. దిష్టి తగలకుండా నీలికన్ను బిళ్ల, చేతి గుర్తు బిళ్ల వేసుకోవడం ఈ రోజుల్లో పిల్లలలో ఎక్కువైంది. వస్తువు రక్షిస్తుందనే నమ్మకంతో దానిని వేలాడదీయడాన్ని దైవప్రవక్త (స) షిర్క్‌గా హెచ్చరించారు. రక్షించేవాడు అల్లాహ్ మాత్రమే. ఉదయ సాయంత్రాల దుఆలు పిల్లలకు నేర్పండి.

మా ఇంట జరిగిన పొరపాటు

ఇప్పుడు మమ్మల్ని బాధించే సంగతికి వస్తాము. హాల్‌మార్క్ తప్పనిసరి కాని రోజులలో మా కుమార్తె నికాహ్‌కు రాళ్లు పొదిగిన పతకంతో సహా ఒక గొలుసు కొన్నాము. త్రాసు మీద 24 గ్రాములు తూగింది. అంటే మూడు కాసులు. మొత్తానికీ బంగారం వెల కట్టి, తరుగు, మజూరీ కలిపి తీసుకున్నారు. చేతిరాత చీటీ ఒకటి ఇచ్చారు. మేము ఏ ప్రశ్నా వేయలేదు. అమ్మాయి ముఖంలోని సంతోషం చూస్తూ ఇంటికి వచ్చాము.

2022 జూలై గోదావరి వరదలో లంకలోని మా అల్లుడి అరటితోట మునిగిపోయింది. కౌలు చెల్లించాలి, మళ్లీ పిలకలు నాటాలి. వడ్డీకి అప్పు తేవద్దని అమ్మాయే పతకం తీసి ఇచ్చింది. వేరొక ఊరి దుకాణంలో రాళ్లు ఊడదీసి, లక్క కరిగించి తూచారు. మిగిలిన బంగారం 18 గ్రాముల 750 మిల్లీగ్రాములు. ఐదుంపావు గ్రాముల రాళ్లకు, లక్కకు మేము బంగారం వెల చెల్లించామన్నమాట. అల్లుడు ఏమీ అనలేదు. ఆ మౌనం మాకు మరింత భారమైంది.

మమ్మల్ని ఎక్కువగా కలచినది నష్టం కాదు. ఏటేటా మదరసాలో క్రయవిక్రయాల అధ్యాయంలో మేము ఒక హదీసు బోధిస్తాము. ఖైబర్ నాడు హజ్రత్ ఫుజాలా బిన్ ఉబైద్ (రజి) బంగారం, పూసలు కలిసిన ఒక హారాన్ని 12 దీనార్లకు కొన్నారు. పూసలు విడదీసి చూస్తే అందులోని బంగారమే 12 దీనార్లను మించింది. ఈ మాట దైవప్రవక్త (స)కు చెప్పగా, విడదీయకుండా అటువంటి దానిని అమ్మరాదని ఆదేశించారు. అక్కడ దీనారు కూడా బంగారమే కనుక అది వడ్డీ కిందికి వచ్చే విషయం, మనం నోట్లు ఇచ్చి కొంటాము. అయినా, బంగారమెంతో పూస ఎంతో తెలియకుండా బేరం ముగించవద్దన్న హెచ్చరిక రాళ్ల పతకానికి అక్షరాలా వర్తిస్తుంది. విద్యార్థుల చేత ఆ హదీసు వల్లెవేయించిన మేమే, దుకాణంలో కూర్చున్నప్పుడు దానిని మరచిపోయాము. అమ్మినవారి తప్పు అల్లాహ్ చూసుకుంటాడు. అడగకపోవడం మాత్రం మా తప్పు.

కొనేటప్పుడు అడగవలసినవి

కనుక సోదరీమణులారా, రసీదులో మొత్తం తూకం, రాళ్ల తూకం, నికర బంగారం తూకం వేర్వేరుగా రాయించుకోండి. బంగారం వెల నికర తూకానికే కట్టాలి. రాళ్ల వెల, మజూరీ, తరుగు, మూడు శాతం జీఎస్‌టీ విడివిడిగా కనిపించాలి. తరుగు శాతాన్ని బేరమాడడానికి సంకోచించవద్దు. తిరిగి అమ్మినప్పుడు మజూరీ, తరుగు వెనక్కి రావు, రాళ్లకు సాధారణంగా చాలా తక్కువ కడతారు. పనితనం ఎక్కువైన కొద్దీ ఈ నష్టం పెరుగుతుంది. అవసరానికి ఆదుకోవాలని కొనే నగ సాదాగా ఉండడం మేలు.

2021 జూన్ 16 నుండి దేశంలో దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి చేశారు. నగపై బీఐఎస్ ముద్ర, స్వచ్ఛతను తెలిపే అంకె, అక్షరాలు అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య ఉండాలి. 916 అంటే 22 క్యారెట్లు, 750 అంటే 18 క్యారెట్లు. ఆ గుర్తింపు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోవచ్చు. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావు పనితనపు నగలకు మినహాయింపు ఉంది. చిన్న డాలర్లు, రాళ్ల పతకాలు కొన్ని ఈ మినహాయింపులలోకి వస్తాయి కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

పాత నగ ఇచ్చి కొత్త పతకం తీసుకోవడం మన ఇళ్లలో పరిపాటి. బంగారానికి బంగారం మారకం చేస్తే తూకం సమానంగా, చేతికి చేయిగా జరగాలి. పనితనం బాగుందని హెచ్చుతగ్గులు చేస్తే అది వడ్డీ. హజ్రత్ బిలాల్ (రజి) రెండు కొలతల నాసిరకం ఖర్జూరాలిచ్చి ఒక కొలత మేలురకం తెచ్చినప్పుడు, దైవప్రవక్త (స) దానిని వడ్డీ అని వారించి, మొదట వాటిని అమ్మి ఆ సొమ్ముతో వీటిని కొనమని మార్గం చూపారు. మనమూ అదే చేయాలి. పాత నగను అమ్మి, డబ్బు చేతిలోకి తీసుకొని, ఆ తరువాత కొత్తది కొనాలి. వాయిదాల పథకాల విషయంలో సంతకం చేయకముందే మీ ఊరి ముఫ్తీ సాహెబ్‌ను సంప్రదించండి.

గల్ఫ్ నుండి వచ్చే నగ గురించి ఒక మాట. కోనసీమ నుండి ఎందరో సోదరీమణులు కువైట్, మస్కట్, దుబాయ్ వెళ్లి పరాయి ఇళ్లలో శ్రమించి బంగారం తెస్తున్నారు. అక్కడి నగపై 875 అని ఉంటే 21 క్యారెట్లని అర్థం, ఇక్కడ 22 క్యారెట్ల లెక్కన చెప్పుకోరాదు. ఏడాదికి పైగా విదేశంలో ఉండి తిరిగి వచ్చే స్త్రీ 40 గ్రాములు, పురుషుడు 20 గ్రాముల వరకు నగలు సుంకం లేకుండా తెచ్చుకునే వెసులుబాటు ఉంది. అంతకు మించితే విమానాశ్రయంలో ప్రకటించాలి. దాచి తేవడం అబద్ధమాడడమే. ఆమె లేనప్పుడు ఆ పతకాన్ని కరిగించి ఆడబిడ్డకు చేయించడం, తాకట్టు పెట్టడం ద్రోహం. నగ ఎవరిదో వారి అనుమతి లేకుండా భర్తకైనా దానిపై హక్కు లేదు. నికాహ్ నాడే పెట్టిన నగలలో మహర్ ఏది, కానుక ఏది, అత్తవారు వాడుకకు మాత్రమే ఇచ్చినది ఏది అన్నది రాసుకుంటే తరువాత తగవులుండవు.

ఏటికొకసారి త్రాసు

ఒక తల్లి కూతురి చేతికి బంగారు కడియాలు తొడిగి ప్రవక్త సన్నిధికి వస్తే, వీటికి జకాత్ ఇస్తున్నావా అని ఆయన ప్రశ్నించారు. లేదని చెప్పగా హెచ్చరించారు. ఆమె వెంటనే వాటిని తీసి ఇచ్చివేసింది. ధరించే నగలపై జకాత్ విషయంలో ఇమాముల మధ్య భేదాభిప్రాయం ఉంది. మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మస్లక్ ప్రకారం అది విధి. బంగారం నిసాబు 87.48 గ్రాములు, అంటే ఏడున్నర పాత తులాలు. వెండికి 612.36 గ్రాములు. ఎనిమిది గ్రాముల కాసు చొప్పున 11 కాసులున్నవారు నిసాబు దాటినట్లే. 12 కాసులుంటే 96 గ్రాములు, దానిలో రెండున్నర శాతం 2.4 గ్రాములు. ఆ బంగారాన్ని గానీ నాటి వెలను గానీ ఇవ్వాలి. బంగారం తక్కువే ఉన్నా దానితో పాటు నగదో వెండో ఉంటే, మొత్తం విలువ 612.36 గ్రాముల వెండి విలువకు చేరినా జకాత్ విధి అవుతుంది. ఈ సంగతి తెలియక మూడు కాసుల గొలుసు, బ్యాంకులో కొంత సొమ్ము ఉన్న సోదరీమణులు తమపై జకాత్ లేదనుకుంటున్నారు. వ్యాపారం కోసం కాని రాళ్లకు, ముత్యాలకు జకాత్ లేదు. అందుకు కూడా నికర తూకం రాసిన రసీదు పనికివస్తుంది.

పతకం అమ్మిన నాటి రాత్రి మా కుమార్తె వేలు మడిచి ఏదో లెక్క వేస్తోంది. "అబ్బా, అయితే మనం ఇన్నేళ్లూ రాళ్లకు కూడా జకాత్ ఇచ్చామా?" అని అడిగింది. ఏటేటా 24 గ్రాములకూ ఆమె లెక్క కట్టి ఇచ్చేది. ఎక్కువగా ఇచ్చినది సదఖా అవుతుందమ్మా, అల్లాహ్ వద్ద వృథా కాదని చెప్పాము. ఆనాడు మాకు కలిగిన ఊరట అదొక్కటే. అమ్మాయి మెడలో ఇప్పుడు వరికంకి నమూనా చిన్న డాలరు ఉంది. అల్లుడు నిరుడు పంట సొమ్ముతో చేయించాడు. రసీదు ఆమె ఖుర్ఆన్ గలేబు పక్కనే పెట్టెలో భద్రంగా ఉంది.

ఆ ఫొటోలు తెచ్చిన సోదరి కూడా మరల వచ్చారు. నెమలిని, నామం చెక్కినదాన్ని విడిచిపెట్టి, పెద్ద రాళ్ల బిళ్లకు బదులు తీగల జాలీ పతకం తీసుకున్నారట. మిగిలిన సొమ్ము అమ్మాయి పేరనే ఉంచారట. అదే ఇంటికి మేలు.

అల్లాహ్ ఇచ్చిన దానిలో పిసినారితనం చూపినవారి మెడలకు ఆ సంపదే ప్రళయదినాన హారంగా చుట్టబడుతుందని ఆలి ఇమ్రాన్ సూరా హెచ్చరిస్తోంది. ఈద్ నాడు దైవప్రవక్త (స) దానం చేయమని బోధించగానే మదీనా స్త్రీలు చెవిపోగులు, హారాలు తీసి హజ్రత్ బిలాల్ (రజి) పరచిన వస్త్రంలో వేశారు. వారూ నగలను ఇష్టపడినవారే. మన ఆడబిడ్డలు అందంగా అలంకరించుకోవాలి, కొనేటప్పుడు అడగాలి, ఏటికొకసారి తూచి హక్కుదారులకు ఇవ్వాలి. వారి మెడలోని ప్రతి నగనూ అల్లాహ్ వారికి శుభప్రదం చేయుగాక, లెక్క నాడు దానిని వారి మెడకు భారం కానీయకుండుగాక. ఆమీన్.